థైరాయిడ్ వల్ల కంటిగుడ్లు ముందుకొస్తే రెటీనా రక్తనాళాలు తగ్గుతాయా?

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానం పల్లె. మా అమ్మకు 54 ఏళ్లు. జీడిపప్పు వలిచే పనికి వెళ్లేది. ఏడాదిన్నర కిందట థైరాయిడ్ ఎక్కువగా ఉందని కార్బిమజోల్ మాత్రలు ఇచ్చారు. ఆరు నెలలుగా కంటిగుడ్లు ముందుకు పొడుచుకొచ్చాయి. పొద్దున లేచేసరికి రెప్పలు ఉబ్బి ఉంటున్నాయి. పక్కకు చూస్తే ఒకటి రెండుగా కనిపిస్తోందంటోంది. ఐదేళ్లుగా షుగరు కూడా ఉంది. విశాఖపట్నంలో తీయించిన ఓసీటీ ఆంజియోగ్రఫీ రిపోర్టులో రెండు కళ్లలోనూ రెటీనా (కంటి లోపల వెనకవైపు పొర) రక్తనాళాల సాంద్రత తగ్గిందని రాశారు. చూపు పోతుందా? కంట్లోకి ఇంజెక్షన్లు వేయించాలా? మాత్రల వల్లే ఇలా అయిందని ఊళ్లో అంటున్నారు, ఆపేయమంటారా? అమ్మకు అడ్డపొగ (చుట్ట నిప్పును నోటి లోపలికి పెట్టుకుని తాగడం) అలవాటు ఉంది.
- ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ముందుగా చివరి సందేహానికి సమాధానం చెబుతాను, ఎందుకంటే ఆలస్యమైతే నష్టం అక్కడే ఉంది. మాత్రలు ఆపవద్దు. థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టే యాంటీబాడీలే కంటిగుడ్డు వెనకనున్న కండరాలను, కొవ్వును కూడా వాచేలా చేస్తాయి. మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్లకు కళ్లు ఉబ్బాయి కాబట్టి మాత్రే కారణమనిపించడం సహజమే గానీ, రెండింటికీ మూలం ఒకే జబ్బు. అయితే మోతాదు ఎక్కువై థైరాయిడ్ మరీ తగ్గిపోయినా, అంటే థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ రక్తంలో బాగా పెరిగిపోయినా, కళ్ల పరిస్థితి విషమించవచ్చు. అందువల్ల మోతాదు కుదురుకునే వరకు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రక్తపరీక్ష తప్పనిసరి.

ఇక రక్తనాళాల సంగతి. కంటిగుడ్డు ఉండే ఎముకల గూడులో పట్టేది సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే. ఆ గూటికి ముందువైపు తప్ప ఎటూ సాగే వీలు లేదు. లోపలి కండరాలు లావెక్కినప్పుడు గుడ్డు ముందుకు జరుగుతుంది. అలా జరిగినా తీరని ఒత్తిడి వెనకవైపు సిరలపై పడుతుంది. కింది మడి తూము పూడుకుపోతే పై మడిలో నీళ్లు నిలిచిపోయినట్టు, కంటి నుంచి వెనక్కి వెళ్లవలసిన రక్తం నిదానిస్తుంది. మీ అమ్మగారి రెప్పలు పొద్దున్నే ఎక్కువగా ఉబ్బడానికి కూడా ఇదే కారణం; రాత్రంతా పడుకుని ఉండడం వల్ల నీరు కిందికి దిగదు. తలవైపు ఎత్తుగా పెట్టుకుని పడుకోమనండి. రెప్పలు పూర్తిగా మూసుకోకపోతే రాత్రిపూట కంట్లో జెల్ వేయాలి.

మీరు తీయించిన ఓసీటీ ఆంజియోగ్రఫీలో రంగు మందు ఎక్కించరు. ఒకే చోటును కాంతితో వెంటవెంటనే అనేకసార్లు చిత్రించి, ఆ చిత్రాల మధ్య కదిలినదాన్ని రక్తప్రవాహంగా యంత్రం గుర్తిస్తుంది. కాబట్టి రక్తం మరీ నెమ్మదిగా పారే సన్నని నాళం నిజంగా ఉన్నా, చిత్రంలో లేనట్టే కనిపించవచ్చు. గుడ్డు పైకి తేలి కంటి ముందువైపు పారదర్శక పొర (కార్నియా) ఎండిపోయినా, శుక్లం ఉన్నా, పరీక్ష సమయంలో కన్ను నిలకడగా లేకపోయినా సాంద్రత అంకె తగ్గుతుంది. రిపోర్టు మూలన సిగ్నల్ బలం ఎంతని రాశారో మీ వైద్యుడిని చూడమనండి. అది తక్కువగా ఉంటే కన్నీటి చుక్కలు వేసి మళ్లీ తీయించడమే మేలు. థైరాయిడ్ కంటి జబ్బులో ఈ సాంద్రతపై వచ్చిన అధ్యయనాలు కూడా ఒకే తీరుగా లేవు: వాపు చురుగ్గా ఉన్న దశలో పెరిగిందని కొన్ని, తగ్గిందని కొన్ని చెబుతున్నాయి. పైగా ఐదేళ్ల షుగరు ఒక్కటే చాలు, రెటీనా నాళాలను తగ్గించడానికి. అందుకే పాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనాను నేరుగా పరీక్షించనిదే ఏ కారణం వల్ల తగ్గిందో తేల్చలేము.

నన్ను అడిగితే, ఆ అంకె కన్నా కంటి నరం ముఖ్యం. థైరాయిడ్ కంటి జబ్బున్న వారిలో సుమారు 5 శాతం మందిలో వాచిన కండరాలు గూటి చివర కంటి నరాన్ని నొక్కేస్తాయి. నరం చుట్టూ ఉన్న నాళాలే ప్రత్యేకంగా పలచబడి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. గుడ్డు బాగా పొడుచుకొచ్చిన వారిలోనే ఇది వస్తుందనుకోకూడదు. ముందుకు జరగలేని గుడ్డు వెనకే ఒత్తిడి ఎక్కువ కావచ్చు. షుగరున్న వారికి, పొగతాగే వారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయండి. కుంకుమ భరిణె మూత తీసి వెలుతురులో పెట్టి, అమ్మగారిని ఒక్కో కన్ను మూసుకుని చూడమనండి. ఏ కంటికైనా ఎరుపు వెలిసిపోయినట్టో, ఇటుక రంగులోనో కనిపించినా, చూపు మసకబారినా మరుసటి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా ఆ రోజే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు కళ్లకూ సమానంగా దెబ్బ తగిలితే తేడా తెలియదు కాబట్టి, ఈ పరీక్షలో బాగున్నా రంగుల పరీక్ష, చూపు పరిధి పరీక్ష వైద్యుడి దగ్గర చేయించాలి.

కంటి గూటికి సీటీ స్కాన్ కూడా అవసరం కావచ్చు. సాధారణంగా రంగు మందు లేని స్కాన్ సరిపోతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకవేళ రంగు మందు ఎక్కించాలంటే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడమని అడగండి.

కంట్లోకి ఇంజెక్షన్లు ఈ రిపోర్టుకు చికిత్స కావు. షుగరు వల్ల రెటీనా మధ్యభాగంలో నీరు చేరడం వంటి ఇబ్బందులుంటేనే వాటి అవసరం వస్తుంది. నొప్పి, ఎరుపు, వాపు వంటి ఏడు అంశాలకు ఒక్కో మార్కు వేసి, మూడు లేదా అంతకన్నా ఎక్కువ వస్తే కళ్ల జబ్బు చురుగ్గా ఉన్నట్టు లెక్కిస్తారు. అలా తేలితే మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందును సెలైన్‌లో వారానికోసారి పన్నెండు వారాలు ఎక్కిస్తారు. దీంతో షుగరు అమాంతం పెరుగుతుంది కనుక షుగరు వైద్యుడికి ముందే చెప్పి, కాలేయ పరీక్షలు కూడా చేయించాకే మొదలుపెట్టాలి. షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నట్టు తేలితే కంటి గూటికి రేడియేషన్ ఇవ్వకూడదు. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ ఇస్తామన్నా కళ్ల సంగతి తప్పక చెప్పండి. ముఖ్యంగా పొగతాగే వారిలో అది కళ్ల జబ్బును పెంచగలదు.

అడ్డపొగ గురించి మీరు దాచకుండా రాయడం మంచిదైంది. మన జిల్లాలో "చుట్ట తాగుతారా?" అని అడిగితే లేదనే పెద్దమ్మలు, "అడ్డపొగ వేస్తావా అమ్మా?" అంటే తలవంచుకుని నవ్వుతారు. ఈ జబ్బును పెంచే కారణాల్లో మన చేతిలో ఉన్నవాటిలో పొగ మొదటిది; అది మానకపోతే పైన చెప్పిన మందులు కూడా సరిగా పనిచేయవు. తగ్గించుకోవడం కాదు, పూర్తిగా మానాలి. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకునే వారిలో అంగిలి క్యాన్సర్ ముప్పు కూడా ఉంది కాబట్టి, కంటి పరీక్షకు వెళ్లిన రోజే పళ్ల డాక్టరుకు నోరు ఒకసారి చూపించండి.