ఏక్రన్ 1958 బ్యాచ్‌ని ఏమడగాలి, ఎలా అడగాలి

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. ఒహాయో రాష్ట్రం ఏక్రన్‌లో మీ పక్కింటి పెద్దావిడ, ఆవిడతోపాటు 1958లో హైస్కూల్ పూర్తిచేసినవాళ్లూ కలిసి తమ చిన్ననాటి జ్ఞాపకాలతో పుస్తకం వేసుకుంటున్నారట. అందరితో మాట్లాడి రాసే పని నీకు అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. ఒహాయోలో లైబ్రరీలో పనిచేసినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా, ఇలాంటి పాత బ్యాచ్‌ల కబుర్లు రికార్డు చేయడం నాకు ఇష్టమైన పని. అందుకే నువ్వు అడక్కముందే రాస్తున్నాను.

"మీ చిన్నతనం ఎలా ఉండేది?" అని మాత్రం ఎవర్నీ అడక్కు. ఆ ప్రశ్నకి అందరూ ఒకటే జవాబు చెబుతారు. తలుపులకి తాళాలు వేసేవాళ్లం కాదు, వీధిదీపాలు వెలిగేదాకా ఆడుకునేవాళ్లం, ఊళ్లో అందరికీ అందరూ తెలుసు అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ పుస్తకమంతా అదే ఉంటే అది ఏక్రన్ కథో, అయోవాలో ఏదో ఊరి కథో చదివేవాళ్లకి తెలీదు. వస్తువుల గురించి అడుగు, చేతులతో చేసిన పనుల గురించి అడుగు. "బూట్ల షాపులో ఎక్స్‌రే పెట్టె ఏ మూలన ఉండేది?" అని అడిగి చూడు. కొత్త బూటు సరిపోయిందో లేదో చూడటానికి ఆ రోజుల్లో చాలా షాపుల్లో ఒక చెక్కపెట్టె ఉండేది. పిల్లలు కాళ్లు అందులో పెట్టి పైనుంచి తొంగిచూస్తే తమ వేళ్ల ఎముకలు ఆకుపచ్చగా కనిపించేవి. అది ప్రమాదమని తెలిశాక తీసేశారనుకో. ఆ పెట్టె పేరెత్తగానే ఎవరో ఒకరు బల్ల కింద కాలివేళ్లు కదుపుతారు. అక్కణ్ణుంచి ఆ షాపు, ఆ వీధి, బూట్లు కొనిపెట్టిన అమ్మ, అన్న వేసుకున్న పాత బూట్లు తమ్ముడికి వచ్చిన సంగతి, అన్నీ వాటంతటవే వస్తాయి.

అలాగే టీచర్లు పరీక్ష పేపర్లు తీసే స్పిరిట్ మెషీన్. ఊదారంగు అక్షరాలు, ఇంకా తడి ఆరని కాగితం. "పేపర్ చేతికి రాగానే ముందు ఏం చేసేవాళ్లు?" అని అడుగు. వాసన చూసేవాళ్లమని నలుగురూ ఒక్కసారే అంటారు. పార్టీ లైన్ ఫోన్ కూడా మర్చిపోకు. ఒకే లైను మీద రెండు మూడిళ్లు, ఇంకా ఎక్కువ కూడా ఉండేవి. పక్కింటి మాటలు వినేసేవాళ్లెవరో పిల్లలందరికీ తెలుసు. గ్రీన్ స్టాంపుల గురించీ అడుగు. సరుకులు కొంటే ఇచ్చే ఆ స్టాంపులు 1,200 అంటిస్తే ఒక పుస్తకం నిండేది. నిండిన పుస్తకాలిచ్చి దీపమో, దుప్పటో, మిక్సరో తెచ్చుకునేవాళ్లు. ఎంగిలితో అంటించే పని ఎక్కువగా పిల్లలదే.

ఇవి దేశమంతా ఉన్నవే. ఏక్రన్‌కే ప్రత్యేకమైనవి మీ పుస్తకంలో తప్పకుండా ఉండాలి. ఆ ఊరు టైర్ల ఊరు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్, గుడ్‌రిచ్, జనరల్ టైర్ అన్నీ అక్కడే. రబ్బరు వాసన ఊరంతా ఉండేదని, ఇంటికొచ్చిన నాన్న చొక్కాకీ అదే వాసనని చెబుతారు. చెప్పినంత చాలనుకుని ఆగిపోకు. "మీ నాన్నగారిది ఏ షిఫ్టు?" అని అడుగు. అక్కడి రబ్బరు ఫ్యాక్టరీల్లో చాలాకాలం ఆరుగంటల షిఫ్టులు నడిచాయి. 1930ల్లో పనులు తగ్గినప్పుడు ఉన్న పనినే ఎక్కువమందికి పంచడానికి మొదలుపెట్టిన పద్ధతి అది. నాన్న ఏ వేళ పడుకుంటే ఇల్లు ఆ వేళ గప్‌చుప్. ఆ షిఫ్టును బట్టే ఇంట్లో భోజనాల వేళ, రేడియో పెట్టే వేళ, పిల్లలు వీధిలో అరిచే వేళ. ఒక తరం పిల్లల రోజు ఫ్యాక్టరీ గంటల్ని బట్టి ఎలా నడిచిందో ఈ ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది. నేను వెతికినంతలో పుస్తకాల్లో ఎక్కువగా కనబడని సంగతి ఇది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మరో ప్రశ్న: "మీ అమ్మానాన్నలది ఏ ఊరు?" వెస్ట్ వర్జీనియా కొండల నుంచి పని కోసం వచ్చిన కుటుంబాలు ఏక్రన్‌లో ఎన్నో. ఊళ్లో వాళ్ల మాటతీరుని వెక్కిరించేవాళ్లు కూడా ఉండేవారు. సంక్రాంతికి మనవాళ్లు హైదరాబాద్ నుంచి పల్లెలకి బయల్దేరినట్టు, శుక్రవారం షిఫ్టు అయిపోగానే కార్లు వరసగా కొండలవైపు వెళ్లేవి. ఆ కార్లలో వెనక సీట్లో కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. తాతగారింట్లో ఏం తిన్నారో అడుగు. దేశం లోపలే వలస వచ్చినవాళ్ల పిల్లలు వాళ్లు. నీకూ నాకూ అర్థమయ్యే కబుర్లు చాలా ఉంటాయి.

ఆగస్టు అనగానే సోప్ బాక్స్ డెర్బీ గుర్తు చేస్తారు. మోటార్ లేని చిన్న కారు సొంతంగా తయారుచేసుకుని కొండవాలు మీద పందెం. 1934లో డేటన్‌లో మొదలై మరుసటి ఏడాదే ఏక్రన్‌కి వచ్చింది. మగవాళ్లు ఎక్కడి పలక, ఎక్కడి చక్రం అని గంటలకొద్దీ చెబుతారు, రాసుకో. తర్వాత ఆడవాళ్లవైపు తిరిగి, "ఆ రోజు మీరేం చేసేవారు?" అని అడుగు. ఎందుకంటే 1971 దాకా ఆ పందెంలోకి ఆడపిల్లల్ని రానివ్వలేదు. తమ్ముడి కారుకి ఇసుక కాగితం పట్టిన అక్కలున్నారు. పని చేసిన అక్క పేరు పేపర్లో ఎప్పుడూ రాలేదు. నీ పుస్తకంలో రావాలి.

పోలియో గురించి మాత్రం మెల్లగా అడగాలి. వీళ్లు పన్నెండేళ్ల పిల్లలుగా ఉన్నప్పుడు, 1952లో, దేశంలో దాదాపు 58,000 కేసులు వచ్చాయి. అంతకు ముందూ తర్వాతా అంత ఎక్కువగా ఎప్పుడూ లేవు. ఈతకొలనులు మూసేసిన వేసవులు, సినిమాకి వెళ్లొద్దన్న అమ్మలు. 1955 ఏప్రిల్ 12న, జోనస్ సాల్క్ టీకా పనిచేస్తోందని ప్రకటించినప్పుడు చర్చి గంటలు మోగించిన ఊళ్లున్నాయి. ఆ రోజు ఇంట్లో పెద్దవాళ్ల ముఖాలెలా ఉన్నాయో అడుగు. కానీ ఆ బ్యాచ్‌లో కాలికి ఉక్కు బద్దలు కట్టుకుని నడిచినవాళ్లు ఉండొచ్చు. వాళ్లని అందరి మధ్యలో అడక్కు. విడిగా, వాళ్లకి ఇష్టమైతేనే.

ఇలాంటివి తప్ప మిగతా కబుర్లకి ఒంటరిగా కూర్చోబెట్టకు. ముగ్గురో నలుగురో ఒక బల్ల చుట్టూ ఉంటేనే బావుంటుంది. ఒకరు మొదలుపెడితే రెండోవాళ్లు "కాదు కాదు, ఆ టీచర్ మనకి ఏడో క్లాసులో కదా" అంటారు. తగాదా పడనివ్వు. రెండు రకాలుగా చెప్పినా రెండూ రాయి, ఏది ఎవరు చెప్పారో గుర్తుపెట్టుకుని రాయి. సంవత్సరం దగ్గర చిక్కొస్తే పట్టుకోవడానికి కొన్ని కొక్కేలున్నాయి. పొద్దున్నే జెండాకి చెప్పే ప్రతిజ్ఞలో దేవుడి మాట చేరింది 1954 జూన్‌లో. అంటే ఎనిమిదో క్లాసు దాకా ఆ మాట లేకుండా చెప్పిన పిల్లలు తొమ్మిదో క్లాసులో చేర్చి చెప్పాల్సివచ్చింది. నోరు పాత దారిలోనే పోయిందని చాలామంది చెబుతారు. పాటగాడు ఎల్విస్ ప్రెస్లీ టీవీలో ఎడ్ సలివాన్ షోలో మొదటిసారి కనబడింది 1956 సెప్టెంబర్ 9న. రష్యావాళ్ల ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరింది 1957 అక్టోబర్ 4న, అప్పుడు వీళ్లు ఆఖరి క్లాసులో ఉన్నారు. ఆ తర్వాత సైన్సు, లెక్కల క్లాసులెలా మారాయో అడిగి చూడు. ఫోటోలో జెండా ఉంటే నక్షత్రాలు లెక్కపెట్టు, రాష్ట్రానికొకటి. ఆరు వరసల్లో ఎనిమిదేసి తిన్నగా ఉంటే 48, అంటే బహుశా 1959 జూలై కంటే ముందుది. మిగతా తేదీలకి లైబ్రరీలో పాత పేపర్ల మైక్రోఫిల్ముంది. సిటీ డైరెక్టరీలు చూడటం మరీ ముఖ్యం. ఏ వీధిలో ఏ నంబరింట్లో ఎవరుండేవారో, ఏం పనిచేసేవారో అందులో ఉంటుంది. ఆ పేజీ జిరాక్స్ తీసి బల్ల మీద పెడితే వీధి మొత్తం ఇంటింటికీ చెప్పేస్తారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఇయర్‌బుక్ (స్కూలువాళ్లు ఏటా పిల్లల ఫోటోలతో వేసే పుస్తకం) తెరిచి, రీయూనియన్లకి, అంటే బ్యాచ్ అంతా మళ్లీ కలిసే సభలకి, ఎప్పుడూ రానివాళ్లు ఎవరో చూడు. ఒహాయోలో నల్లవాళ్లకి వేరు స్కూళ్లు పెట్టే చట్టం 1887లోనే పోయింది. అందుకని మా దగ్గర అలాంటివేం లేవని తెల్లవాళ్లు మనస్ఫూర్తిగానే అంటారు. కానీ క్లాసులో పక్కపక్కన కూర్చున్న పిల్లలు సాయంత్రం వేర్వేరు పేటలకి వెళ్లేవారు. ఏ పేటలో ఇళ్లకి అప్పు ఇవ్వొచ్చో, ఎక్కడ ఇవ్వకూడదో 1930ల్లో గవర్నమెంటే రంగులు వేసి మ్యాపులు గీయించింది. ఏక్రన్‌కీ అలాంటి మ్యాపుంది. ఆ నల్ల క్లాస్‌మేట్లని వెతికి, వాళ్లింటికే వెళ్లి మాట్లాడు. వెళ్లాక వాళ్లని అవమానాల గురించే అడిగి ఊరుకోకు. హోవర్డ్ స్ట్రీట్‌లో నల్లవాళ్ల షాపులు, జాజ్ క్లబ్బులు ఎలా ఉండేవో అడుగు. తర్వాత పట్టణ పునర్నిర్మాణం పేరుతో అదంతా పడగొట్టారు. కాబట్టి ఆ వీధి ఇప్పుడు వాళ్ల మాటల్లోనే ఉంది. 1948లో క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు ల్యారీ డోబీ ఆ జట్టులో ఉన్నాడు, అమెరికన్ లీగ్‌లో మొదటి నల్ల ఆటగాడతను. ఎనిమిదేళ్ల పిల్లవాడు ఆ ఆటని ఎవరి రేడియోలో, ఎవరి పక్కన కూర్చుని విన్నాడో అడుగు. అదే ప్రశ్న తెల్ల క్లాస్‌మేట్‌నీ అడుగు. రెండు జవాబులూ ఒకే పేజీలో వెయ్యి.

చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు కూడా ఆ బ్యాచ్‌వాళ్లే. పదహారేళ్లకే ఫ్యాక్టరీలో చేరిన కుర్రాళ్లు, పెళ్లి కాకుండా కడుపొచ్చిందని స్కూలు మాన్పించిన ఆడపిల్లలు. ఆ పిల్లల్ని దూరం ఊళ్లకి పంపేసేవారు, తిరిగొచ్చాక ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఇవి వాళ్లే చెబితే విను. పేరు వద్దంటే వద్దు. "రికార్డర్ ఆపమ్మా" అంటే వెంటనే ఆపు, తర్వాత గుర్తుంచుకుని రాయాలని చూడకు.

నీ సంగతులు కూడా కొంచెం చెబుతూ ఉండు. నేను మా ఊరి బళ్లో మధ్యాహ్నం అమెరికా పాలపొడి కలిపిన పాలు తాగి, అమెరికా గోధుమరవ్వతో చేసిన ఉప్మా తిన్నదాన్ని. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో సంతకం పెట్టిన పీఎల్-480 అనే ఆహార సాయం చట్టం కింద, కేర్ అనే సేవాసంస్థ ద్వారా అలాంటివి మన జిల్లాలకి వచ్చేవి. ఒకసారి ఈ మాట చెబితే, అప్పటిదాకా ముక్తసరిగా మాట్లాడుతున్న ఒక ముసలి అమెరికన్ రైతు కుర్చీ ముందుకి లాక్కున్నారు. చలికాలం తెల్లవారుజామున నాన్నతో కలిసి పాలు పితికింది మొదలు, క్యాన్లు రోడ్డు దాకా మోసిన సంగతి వరకు ఆపకుండా చెప్పారు. నువ్వు ఆ తరం దానివి కాదు. అయినా మీ తాతగారింటి పాడి గురించి చెప్పగలవు కదా.

పని సంగతులు కొన్ని. కలిసేది పొద్దున పదింటికి పెట్టుకో, భోజనం అయ్యాక అలిసిపోతారు. గంట, గంటన్నర చాలు. ఫ్రిజ్ ఉన్న గదిలో రికార్డు చేయకు, దాని రొద మాటల మీద పడుతుంది. వినికిడి మెషీన్ పెట్టుకున్నవాళ్లకి ఎదురుగా కూర్చుని నిదానంగా మాట్లాడు, అరవకు. ఆడవాళ్ల పేర్ల పక్కన పుట్టింటి ఇంటిపేరు కూడా రాయి, లేకపోతే ఇయర్‌బుక్‌లో దొరకరు. ఫోటోలు వాళ్లింట్లోనే స్కాన్ చేసి అక్కడే తిరిగి ఇచ్చెయ్యి. వెనక రాయాల్సివస్తే మెత్తటి పెన్సిల్‌తోనే, ఎడమ నుంచి కుడికి పేర్లు. ప్రతి ఒక్కరి దగ్గరా సంతకంతో అనుమతి తీసుకో. అచ్చుకి పంపేముందు వాళ్ల భాగం వాళ్లకి చదివి వినిపించు. మతిమరుపు వచ్చినవాళ్లని సంవత్సరాలు అడగొద్దు. ఇయర్‌బుక్ చేతికిచ్చి, పేజీలు వాళ్లనే తిప్పనివ్వు.

మీ పక్కింటావిడ దగ్గరున్న లిస్టు తీసుకుని, అందులో ఒంట్లో బాగోలేనివాళ్ల పేర్లకి ముందు గుర్తు పెట్టు. రీయూనియన్ దాకా ఆగకుండా వాళ్లకి ఈ వారమే ఫోన్ చెయ్యి. ఫ్లోరిడాకో, ఆరిజోనాకో పిల్లల దగ్గరికి వెళ్లిపోయినవాళ్లుంటే వీడియో కాల్‌కి వాళ్ల మనవల్ని సాయం అడుగు. ప్రశ్నలు రాసుకున్నాక నాకు వాట్సాప్‌లో పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ