జీతాలు ఆలస్యమవుతాయని వర్కర్లకు ముందే చెప్పాలా?

ప్రశ్న: జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారు చేసే చిన్న యూనిట్ నాది. పెద్ద కస్టమర్ ఒకరు మూడు నెలలుగా బిల్లులు కట్టడం లేదు. ఈ నెల జీతాలకు డబ్బు సరిపోదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఈమధ్య ప్రాచీన గ్రీకు, రోమన్ల స్టోయిక్ తత్వం చదువుతున్నాను. చేతిలో లేనిదాని గురించి బాధపడకూడదు, లీడర్ అన్నవాడు ఏదీ బయటపడనివ్వకూడదు అని అర్థమైంది. అంటే వర్కర్లకు ఏమీ చెప్పకుండా గుంభనంగా ఉండటమే మంచిదా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చెప్పేయండి, అదీ ఇవాళే. స్టోయిక్‌లు నిగ్రహంతో పాటు న్యాయాన్ని కూడా ముఖ్యమైన గుణంగా లెక్కపెట్టారు, కానీ వ్యాపారులకు ఈ తత్వం బోధించేవాళ్లు చాలామంది ఆ రెండోదాన్ని వదిలేస్తున్నారు, నాకు బాధ కలిగించేది అదే.

మీ సందేహం లాంటిదే వాళ్లలో వాళ్లకే పెద్ద వాదమైంది. క్రీ.పూ. 44లో రోమన్ రాజకీయవేత్త, రచయిత సిసిరో దాన్ని రాసిపెట్టాడు. రోడ్స్ దీవిలో కరువు, ధాన్యం ధర మండిపోతోంది. అలెగ్జాండ్రియా నుంచి ఒక వ్యాపారి ఓడ నిండా ధాన్యంతో అక్కడ దిగాడు, వెనకాలే ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని అతనికొక్కడికే తెలుసు, ఆ మాట చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా, వద్దా? అబద్ధం ఆడకుండా, చట్టం చెప్పమన్నంత చెబితే చాలన్నాడు బాబిలోన్‌కు చెందిన స్టోయిక్ గురువు డయోజెనిస్. అతని శిష్యుడు ఆంటిపేటర్ ఒప్పుకోలేదు, అమ్మేవాడికి తెలిసిందంతా కొనేవాడికీ తెలియాలన్నాడు. సిసిరో ఆంటిపేటర్ వైపే మొగ్గాడు. తెలిస్తే ఎదుటివాళ్లకు మేలు జరిగే సంగతిని మన లాభం కోసం వాళ్లకు తెలియనివ్వకపోతే దాన్ని దాచడమే అంటారని అతని వాదన. మీ వర్కర్ల సంగతీ అంతే కదా. జీతం పది రోజులు ఆలస్యమవుతుందని ముందే తెలిస్తే ఇంటి ఓనర్‌తో మాట్లాడుకుంటారు, ఈఎంఐకి ఎక్కడో సర్దుకుంటారు. ఒకటో తారీఖున తెలిస్తే వడ్డీకి తెచ్చుకోవడం తప్ప దారి ఉండదు.

ఇంకొకటి, కోత మీ దగ్గరే మొదలవ్వాలి. మార్కొమానీ అనే జర్మానిక్ తెగలతో యుద్ధానికి ఖజానా ఖాళీ అయినప్పుడు, స్టోయిక్ చక్రవర్తి మార్కస్ అరేలియస్ ప్రజల మీద అదనపు పన్ను వేయకుండా రాజభవనంలోని బంగారు పాత్రలు, భార్య పట్టుబట్టలు, నగలు రోమ్‌లో రెండు నెలల పాటు వేలం వేయించాడని పాత రోమన్ చరిత్ర చెబుతుంది. మీరు మీ సొంత ఖర్చులకు తీసుకునే డబ్బు ఈ నెల ఆపేసి, ఆ సంగతి కూడా వాళ్లకు చెప్పండి.

ఇక ఆ కస్టమర్ బుద్ధి మీ చేతిలో లేదు, నిజమే. బాకీ గట్టిగా అడగడం మాత్రం మీ చేతిలోనే ఉంది. సరుకు పంపేనాటికే మీకు ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే, చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజుల్లోపు వాళ్లు డబ్బు కట్టాలి, దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది. ఇలాంటి బాకీల కోసం ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ముందు బిల్లులన్నీ జతచేసి, గడువు తేదీతో ఒక లెటర్ పంపండి. ఆర్డర్లు పోతాయన్న భయం ఉంటుంది, కానీ మూడు నెలలుగా డబ్బివ్వని ఆర్డర్లు ఉండి ఏం లాభం చెప్పండి.

వర్కర్లతో మాట్లాడేటప్పుడు "చూద్దాం, అయిపోతుంది" అనకండి. ఇప్పుడు ఎంత ఇవ్వగలరో, మిగతాది ఏ తేదీకి ఇస్తారో చెప్పండి, తక్కువ జీతం ఉన్నవాళ్లకు ముందు పూర్తిగా ఇచ్చేయండి.