చీకట్లోనూ ఒక సీసా పెట్టు

పర్లాకిమిడి

చిరంజీవి లలితకు పెదనాన్న ఆశీస్సులు.

బరంపురంలోని సైన్సు పరిశోధన సంస్థ ఐసర్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని, మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్కుల (ఎమ్ఓఎఫ్), అంటే లోహాన్నీ కర్బన అణువులనీ కలిపి కట్టిన సన్న రంధ్రాల చట్రాల మీద పని చేస్తావని మీ నాన్న ఫోన్ చేశాడు. వీధంతా చెప్పుకున్నాను. 2025 రసాయన నోబెల్ కిటగావా, రాబ్సన్, యాఘీలకు వచ్చింది ఈ చట్రాలకేనని పక్కింటి ఒడియా మాస్టారికి వివరిస్తే, పాపం, అర్థమైనట్టే తల ఊపారు. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

చట్రం ఎంపిక నీకు తెలిసిందే. జింకుతో కట్టిన ఎమ్ఓఎఫ్-5 గాలిలో తేమకే చెడిపోతుంది. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే చోట దాని జోలికి పోకు. జిర్కోనియం నయం. రంధ్రాల్లో మిగిలిన డీఎంఎఫ్ ద్రావకం స్థానంలోకి ఎసిటోన్ వచ్చాకే వ్యాక్యూమ్‌లో వేడిచెయ్యి.

నా బెంగంతా నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు గురించే. కాంతిని పీల్చే రంగు పదార్థం పార్ఫిరిన్‌తో కట్టిన చట్రం మీద ఎర్ర ఎల్ఈడీ వేస్తే, సల్ఫైడు ఆక్సిజన్ చేరి సల్ఫాక్సైడు అయిందని అర్ధరాత్రి ఫోన్ చేశావు. వెలుగు లేకపోయినా, ఆక్సిజన్ లేకపోయినా చర్య జరుగుతుందేమో చూడటానికి చీకట్లో ఒక సీసా పెట్టావా, నైట్రోజన్ కింద ఇంకొకటి పెట్టావా అని అడిగితే అలిగావు. వడకట్టిన ద్రవం లేత ఎరుపుగా ఉందని చెప్పింది నువ్వే, పట్టించుకోనిదీ నువ్వే! సరిగా కడగని రంధ్రాల్లోంచి మిగులు పార్ఫిరిన్ ద్రవంలోకి దిగింది. ఆక్సిజన్‌ను సింగ్లెట్ స్థితికి, అంటే చురుగ్గా చర్య జరిపే స్థితికి, లేపడానికి మోలుకు 94 కిలోజౌళ్లు చాలు, ఎర్ర కాంతిలో అంతకు దాదాపు రెట్టింపు ఉంటుంది. కాబట్టి పని చేసింది కరిగిన రంగు, పేరు కొట్టేసింది చట్రం. చర్య సగంలో ఉండగా పొడిని వడకట్టేసి, ద్రవం మీద దీపం అలాగే వెలిగించి ఉంచితే నిజం బయటపడేది. పొడి లేకపోయినా సల్ఫాక్సైడు పెరుగుతూనే ఉంటే ఇక చట్రం గొప్పేముంది? పైగా ఆ పోస్టరుకు బహుమతి ఇచ్చారు, నాకు ఇప్పటికీ మంట. తెలివి తక్కువై కాదు తల్లీ, సంతోషం ఎక్కువై అలా చేశావు. చిన్నప్పుడూ అంతే, మహేంద్రతనయ ఒడ్డున మెరిసిన ప్రతి రాయీ వజ్రమే నీకు.

సింగ్లెట్ అని రాసే ముందు అది సూపరాక్సైడు (ఎలక్ట్రాను అదనంగా చేరిన ఆక్సిజన్) కాదని తేల్చుకో. 1270 నానోమీటర్ల దగ్గర సింగ్లెట్ విడిచే, కంటికి కనపడని వెలుగు పరికరానికి దొరికితే అంతకంటే సాక్ష్యం లేదు.

మరొకటి, ఇది సలహా కాదు, ఆజ్ఞ. ద్రావకాలైన ఈథర్, టీహెచ్ఎఫ్‌లకు గాలీ వెలుతురూ సోకితే పేలే గుణమున్న పెరాక్సైడ్లు పుడతాయి. పాత సీసాను పరీక్షించకుండా ముట్టుకోకు, అడుగంటా ఆవిరి చేయకు, రాత్రిపూట ల్యాబులో ఒంటరిగా అసలే ఉండకు. మీ పెద్దమ్మ ఇదొక్కటే పెద్ద అక్షరాలతో రాయమంది.

దసరాకు వచ్చేటప్పుడు నోటుపుస్తకం తీసుకురా. ముందు చీకటి సీసాల పేజీలు చూస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న