రిస్పా గురించి వాక్యం చెప్పబోతున్న నీకు

అమ్మలూ,

వచ్చే నెల స్త్రీల సమాజం మీటింగ్‌లో నిన్ను వాక్యం చెప్పమన్నారంట కదా, రూతు ఎస్తేరు హన్నా అందరూ చెప్పేశారు నేను రిస్పాని తీసుకుంటా అన్నావని మీ అమ్మ చెప్పింది, ఎంత సంతోషమేసిందో. మన చర్చిల్లో ఆవిడ పేరు వినపడేదే తక్కువ. నేను చాలా ఏళ్ళుగా చెప్తున్నదాన్ని కాబట్టి కొన్ని విషయాలు రాస్తున్నా, నిదానంగా చదువుకో.

ముందు బైబిల్ తీసి రెండు చోట్లా చదువు. సమూయేలు రెండో గ్రంథం 3వ అధ్యాయంలో ఒకసారి, 21లో ఒకసారి, ఆవిడ కథంతా అంతే. చాలామంది 21 ఒక్కటే చదివి లేచి నిలబడిపోతారు, నువ్వు మాత్రం 3ని వదలకు. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు చచ్చిపోయాడు, రిస్పా ఆయన ఉపపత్ని, ఇప్పుడు ఆయన కొడుకు ఇష్బోషెతు పేరుకి రాజు, పెత్తనమంతా సేనాధిపతి అబ్నేరుది. మా నాన్న ఉపపత్ని దగ్గరికి ఎందుకు పోయావని ఇష్బోషెతు నిలదీస్తాడు, దాంతో అబ్నేరు మండిపడి దావీదు పక్షానికి మారిపోతాడు. అది నిజమో కాదో కూడా వాక్యంలో లేదు. ఆ గొడవ రాజ్యాన్నే తిప్పేసింది గానీ మధ్యలో ఉన్న ఆడమనిషిని ఏమ్మా ఏం జరిగింది అని అడిగినవాళ్ళు ఒక్కరు లేరు, ఇది చెప్పి ఒక్క నిమిషం ఆగు, వినేవాళ్ళకి అది చాలు.

తర్వాత 21. కరువు మూడేళ్ళు, కారణం సౌలు ఇశ్రాయేలు మధ్య బతికే వేరే జాతివాళ్ళైన గిబియోనీయుల్ని చంపడం, యెహోషువ కాలంలో వాళ్ళని చంపబోమని ఇశ్రాయేలు ప్రమాణం చేసి ఉంది, సౌలు ఆ మాట తప్పాడు. ఇక్కడ ఎక్కువసేపు ఉండకు. అప్పటికి రాజైన దావీదు మీకేం కావాలంటే గిబియోనీయులు సౌలు సంతానంలో ఏడుగురు మగవాళ్ళని అడిగారు. రిస్పా కొడుకులు ఇద్దరు, అర్మోని, మెఫీబోషెతు, ఇంకా సౌలు కూతురి కొడుకులు అయిదుగురు. ఒక్క సంగతి ముందే చెప్పెయ్, ఈ మెఫీబోషెతు వేరు, సౌలు కొడుకు యోనాతానుకి పుట్టిన, రెండు కాళ్ళూ కుంటివాడైన మెఫీబోషెతు వేరు, ఆయన్ని దావీదు యోనాతానుకి చేసిన ప్రమాణం కోసం కాపాడాడు. చెప్పకపోతే సగంమంది అక్కడే తికమకపడి మిగతా మెసేజ్ వినరు.

ఇక అసలు సంగతికి రా, ఇక్కడ మాత్రం తొందరపడకు. యవల కోత మొదలైన రోజుల్లో ఏడుగుర్నీ గిబియా కొండ మీద ఉరితీశారు. రిస్పా గోనెపట్ట తెచ్చి బండ మీద పరుచుకుని అక్కడే ఉండిపోయింది, పగలు పక్షులు వాలకుండా, రాత్రి అడవి మృగాలు దగ్గరికి రాకుండా. మనవైపు జొన్నచేల్లో మంచె మీద కూర్చుని వడిసెలతో పిట్టల్ని తోలిన ఆడవాళ్ళు మీ సమాజంలో ఉంటారు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పని ఎట్లా ఉంటుందో వాళ్ళకి తెలుసు, మరి ఈవిడ తోలింది రాబందుల్ని, కాపలా కాసింది సొంత బిడ్డల శవాలకి, రాత్రిళ్ళు కూడా. ఇంకోటి గమనించు, తన ఇద్దరికే కాదు, ఏడుగురికీ కాపలా కాసింది. వాన పడేదాకా అని ఉంది. ఆ దేశంలో యవల కోత ఏప్రిల్ ప్రాంతంలో, మళ్ళీ మామూలు వాన అంటే అక్టోబరు దాటాకే, అందుకే అయిదారు నెలలు అని చెప్తుంటారు, కానీ వాక్యంలో నెలల లెక్క లేదు, నువ్వు లెక్క కట్టి చెప్పకు.

అలాగే ఆవిడ నోట మాట పెట్టకు. అయ్యో నా కొడుకా అని ఏడ్చినట్టు, దావీదుని శపించినట్టు గొంతు మార్చి డైలాగులు చెప్పేవాళ్ళని చూశాను, జనం ఏడుస్తారు నిజమే, కానీ రెండు అధ్యాయాల్లోనూ రిస్పా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడ ఏం చేసిందో అది చెప్పు.

ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ఆ ఏడుగుర్నీ చంపమని దేవుడే చెప్పాడా అని. దాటేయకు. దేవుడు కరువుకి కారణం చెప్పాడు, ఏడుగురు కావాలని అడిగింది గిబియోనీయులు, ఇచ్చింది దావీదు. తండ్రుల పాపానికి పిల్లల్ని చంపకూడదని ద్వితీయోపదేశకాండము 24లో ఉంది, వేలాడదీసిన శవాన్ని ఆ రోజే పాతిపెట్టాలని అదే ద్వితీయోపదేశకాండము 21లో ఉంది, ఈ రెండూ పేపర్ మీద రాసుకుని వెళ్ళు. తర్వాత సమూయేలు రెండో గ్రంథం 21లో 14వ వచనం చదివించు. రిస్పా చేసింది విన్నాక దావీదు యాబేష్గిలాదు నుంచి సౌలు, యోనాతాను ఎముకలు తెప్పించాడు, ఉరితీసినవాళ్ళ ఎముకలు కూడా ఏరించాడు, సేలాలో సౌలు తండ్రి కీషు సమాధిలో పాతిపెట్టించాడు. ఆ తర్వాతే దేవుడు దేశం కోసం చేసిన ప్రార్థన విన్నాడు అని ఉంది. ఉరి తర్వాత కాదమ్మా, పాతిపెట్టాక. నీ మెసేజ్ మొత్తానికి ఇదే గుండెకాయ అనుకో, రాజుకి తోచని న్యాయం ఆ తల్లి కదలకుండా కూర్చుని గుర్తుచేసింది.

బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఆ రోజు నీ ముందు కూర్చుని ఉంటారు. వాళ్ళవైపే చూస్తూ చెప్పకు, సాక్ష్యం చెప్పమని అసలు పిలవకు, రిస్పాలా ధైర్యంగా ఉండండి అని మాత్రం అనొద్దు, ఆవిడ ధైర్యం చూపించడానికి కూర్చోలేదు. మీటింగ్ అయ్యాక ఎవరైనా నీ దగ్గరికొస్తే పక్కన కూర్చుని విను, వచనాలు చెప్పకు.

ఇరవై నిమిషాలు దాటనివ్వకు. రాసుకున్నది వాట్సాప్‌లో పంపు, 3వ అధ్యాయం భాగం నేను ముందు చూస్తా.

మీ పెద్దమ్మ