అమ్మమ్మ ఉప్పుపిండి నాకెందుకు కుదరదు?

ప్రశ్న: మా అమ్మమ్మ వాళ్లది అమలాపురం దగ్గర పల్లెటూరు. శనివారం రాత్రి పెద్దవాళ్లు అన్నం తినరు కాబట్టి ఇత్తడి గిన్నెలో ఉప్పుపిండి వండేది, అడుగున ఎర్రగా కట్టిన మాడు కోసం పిల్లలందరం కొట్టుకునేవాళ్లం. ఇప్పుడు నేను షాపులో ఇడ్లీ రవ్వ తెచ్చి ఎన్నిసార్లు చేసినా ముద్దయిపోతోంది, మాడు అసలు రావడం లేదు. నాలుగోసారి పాడయ్యేసరికి ఏడుపొచ్చిందండీ. ఏం తప్పు చేస్తున్నాను?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పు మీ చేతిలో లేదండీ, రవ్వలో ఉంది. ఇడ్లీ రవ్వ దీనికి మరీ సన్నం. ఇంట్లోనే పట్టుకోండి, పెద్ద పనేం కాదు. రెండు గ్లాసుల మామూలు బియ్యం కడిగి, నీళ్లు వంచేసి, గుడ్డ మీద నీడన ఆరబెట్టి, చేతికి తడి తగలడం మానేశాక మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. తర్వాత తప్పకుండా జల్లించాలి, చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. ఆ మెత్తటి పిండి రవ్వతోపాటు ఎసట్లో పడిందంటే జిగురు కట్టి మొత్తం ముద్ద చేసేస్తుంది. దాన్ని పారేయకండి, మర్నాడు అట్ల పిండిలో కలిపేయండి.

గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల నీళ్లు, పాత బియ్యమైతే ఇంకో పావు గ్లాసు. గుప్పెడు పెసరపప్పు అరగంట ముందు నానబెట్టుకోండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె కాస్త ధారాళంగానే పోసి శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేయించి (శనివారం ఫలహారమైతే ఉల్లిపాయ వద్దు) నీళ్లు, ఉప్పు, పెసరపప్పు వేయండి. తెర్లాక రవ్వ పోస్తూ కలిపి, సెగ బాగా తగ్గించి మూత పెట్టేయండి. ఇక గరిటె ముట్టుకోవద్దు, కలిపేకొద్దీ ముద్దవుతుంది.

పావుగంట, ఇరవై నిమిషాలకి రవ్వ ఉడుకుతుంది. అప్పుడు గిన్నె అంచు చుట్టూ చెంచాడు నెయ్యి వేసి ఇంకో ఐదారు నిమిషాలు సన్న సెగ మీదే ఉంచితే చిటచిటమని చప్పుడు, వేగిన బియ్యం కమ్మటి వాసన మొదలవుతాయి. అదే మీ అమ్మమ్మ మాడు. మాడిపోతుందేమోనని టెన్షన్ పడి ముందే దించేస్తే అది రాదు. కుక్కర్‌లో ఆవిరికి ఉడికించినా రాదు. దించాక మూత తీయకుండా పది నిమిషాలు ఆగండి, అడుగు మెత్తబడి అట్లకాడతో గీకితే పెద్ద పెద్ద చెక్కలుగా లేస్తుంది. మా ఇంట్లో దీనికి కాల్చిన వంకాయ పచ్చిపులుసు ఉండాల్సిందే, అది లేని రోజు మాగాయ. మా అమ్మ ఆ చెక్కల్ని లెక్కపెట్టి పంచేది, ఆటల్లోంచి ఆలస్యంగా వచ్చినవాడి వాటా మూత కింద దాచేది.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకి జ్వరం తగ్గింది గానీ నోరు చేదని ఏమీ తినడం లేదు. చిన్నప్పుడు నాన్నమ్మ నాకు వాము అన్నం పెట్టేది. ఎలా చేయాలి?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అన్నం కాస్త మెత్తగా వండండి. చెంచాడు నెయ్యి కాగాక పావు చెంచా వాము నలిపి వేసి, చిటపటమనగానే స్టవ్ ఆపేయండి, ఎక్కువ వేగితే వాము కూడా చేదెక్కుతుంది. ఉప్పు వేసి వేడి అన్నంలో కలిపి, చిన్న చిన్న ముద్దలు మీ చేత్తోనే పెట్టండి. నాలుగు ముద్దలు తిన్నా చాలు, బలవంతం చేయకండి. రేపటికీ తినకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించండి.