గుంటూరులో దొరికే బీఫ్‌తో క్రీమీ పాస్తా: మాంసం ముందు రోజు, క్రీమ్ ఆఖరున

ఆదివారం రాత్రికి బెంగళూరు నుంచి మీ తోడికోడలి పిల్లలు వస్తున్నారు, ఆరుగురికి బీఫ్, కూరగాయలు వేసి క్రీమీ పాస్తా చేయాలి. వీడియో చూసి ఓసారి చేస్తే మాంసం సాగింది, క్రీమ్ విరిగింది. పైగా మాంసంలో పాలు పోయొచ్చా అని మీ అత్తయ్యగారు అడుగుతున్నారు. ఇదీ మీ ప్రశ్న. మాదీ గుంటూరే, పాత గుంటూరు వైపు. మా ఇంట్లో ఆదివారం కూర అంటే చిన్నప్పటి నుంచీ బీఫే. మా తమ్ముడి పిల్లలు అడిగినప్పుడల్లా ఈ పాస్తా చేస్తుంటాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మీరు చూసిన విదేశీ వీడియోలో తప్పేమీ ఉండి ఉండదండీ. అది వాళ్ల మాంసానికి రాసుకున్న లెక్క. వాళ్లకు దొరికేది బాగా మేపిన కుర్ర పశువు మాంసం, కండ లోపల సన్నటి కొవ్వు చారలుంటాయి. పెనం మీద పది నిమిషాలు తిప్పినా మెత్తగానే ఉంటుంది. మన దగ్గర 1977 చట్టం ప్రకారం ఆవు వధ నిషేధం. కొట్లలో బీఫ్ అని అమ్మేది గేదె, దున్న మాంసం. రంగు ముదురు, కొవ్వు తక్కువ. చాలాసార్లు వయసైన పశువుదే వస్తుంది. దాన్ని పది నిమిషాలు వేపి పాస్తాలో కలిపితే ఎవరు చేసినా సాగుతుంది. అందుకే ఈ వంటలో సగం పని మాంసం దగ్గరే ఉంది. అది కుదిరితే మిగతాదంతా గంటలోపు అయిపోతుంది.

మాంసం శనివారం పొద్దున్నే తెచ్చుకోండి, ఆదివారం కాదు. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, చల్లటి చోట ఒక రోజు ఉంటే మళ్లీ సడలుతుంది. తెచ్చిన వెంటనే కడిగి, నీళ్లన్నీ వార్చి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. కొట్టతన్ని తొడ కండ కాకుండా ముందుకాలి పైన భుజం దగ్గర కండ గానీ, పిక్క గానీ ఇవ్వమనండి. బొక్క లేకుండా ముప్పావు కేజీ చాలు. ఆ భాగాల్లో కండల మధ్య తెల్లటి పొరలు కనిపిస్తాయి. చాలామంది అవి చూసి వద్దంటారు, నాకు మాత్రం అవే కావాలి. నిదానంగా ఉడికితే ఆ పొర కరిగి జిగురవుతుంది. పాయా తాగితే పెదాలు అంటుకుంటాయి చూడండి, అది ఆ జిగురే. రేపు మీ సాస్‌కి చిక్కదనం సగం అక్కడి నుంచే వస్తుంది.

ముక్కలు కోసేటప్పుడు ఒక్క క్షణం ఆగి కండను దగ్గరగా చూడండి. పీచు ఒకవైపుకే గీతలు గీసినట్టు కనిపిస్తుంది. కత్తి ఆ గీతలకు అడ్డంగా దిగాలి. గీతల వెంబడే కోస్తే ఎంత ఉడికించినా పళ్లలో ఇరుక్కుంటుంది. అంగుళం ముక్కలు చాలు, ఉడికాక ఇంకా కుంచించుకుపోతాయి.

తర్వాత ముక్కల్ని పొడి గుడ్డతో అద్దండి. ఈ పని ఎవరూ చేయరు గానీ రుచిలో తేడా ఇక్కడే తెలుస్తుంది. తడి ఉంటే మాంసం ఆవిరికి ఉడుకుతుంది, వేగదు. ఇనుప మూకుడు గానీ మందపాటి పెనం గానీ బాగా కాలనిచ్చి, రెండు చెంచాల నూనె వేసి, గుప్పెడు గుప్పెడు చొప్పున ముక్కలు వేయండి. అన్నీ ఒకేసారి గుమ్మరిస్తే నీళ్లు వదులుతాయి. వేశాక వెంటనే కలపకండి. కింది వైపు మంచి గోధుమ రంగు వచ్చాక, ముక్క తనంతట తానే పెనాన్ని వదిలేస్తుంది. అప్పుడు తిప్పండి. అంతా అయ్యాక అడుగున అంటుకున్న దాన్ని పారేయకండి, కప్పు నీళ్లు పోసి అట్లకాడతో గీకి ఆ నీళ్లే కుక్కర్లో పోయండి.

కుక్కర్లో వేపిన ముక్కలు, మొత్తం రెండు కప్పుల నీళ్లు (గీకిన నీళ్లతో కలిపి), నాలుగు ముక్కలు చేసిన ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిన్న అల్లం ముక్క, ఒక బిర్యానీ ఆకు, పది మిరియాలు, అర చెంచా ఉప్పు. అంతే. ధనియాల పొడి, గరం మసాలా వేయాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. వేస్తే అది మంచి బీఫ్ కూరే అవుతుంది, కానీ పాలతో కలిపాక కూర రుచీ పాల రుచీ వేర్వేరుగా తగులుతాయి. మొదటి విజిల్ వచ్చాక మంట సిమ్‌లో పెట్టి అరగంట ఉంచండి. విజిల్స్ లెక్కపెట్టకండి, ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది. ఆవిరి పోయాక ఒక ముక్క తీసి రెండు వేళ్ల మధ్య నొక్కండి. పీచు పీచుగా విడిపోతే అయినట్టు, వెనక్కి తన్నితే ఇంకో పది నిమిషాలు పెట్టండి. పచ్చి బొప్పాయి రాయాలా అని అడుగుతారేమో, ఇంతసేపు ఉడికేదానికి అక్కర్లేదు. పైపైన పిండి పిండిగా అయిపోతుంది.

ఇదంతా శనివారం రాత్రే అయిపోవాలి. ముక్కలు, వడగట్టిన రసం కలిపే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున చూస్తే రసం పేరుకుని వణుకుతూ ఉంటుంది, పైన కొవ్వు తెట్టులా గడ్డకడుతుంది. ఆ కొవ్వును చెంచాతో తీసేయండి.

ఇక పాల సంగతి. ఇటలీలో బొలోన్యా అనే ఊరి మాంసం సాస్‌కి చాలా పేరుంది. అక్కడి వంటల అకాడమీ దాని తయారీని 1982లో ఆ ఊరి వాణిజ్య మండలిలో నమోదు చేయించింది. అందులో బీఫ్, ఉల్లిపాయ, క్యారెట్‌తో పాటు పాలూ ఉన్నాయి. అంటే బీఫ్, పాలు, పాస్తా కలవడం వాళ్ల ఇళ్లలో పాత మాటే. అయినా పెద్దవాళ్లతో వాదన ఎందుకండీ. అత్తయ్యగారికి మనసొప్పకపోతే ఉడికిన ముక్కలు కొన్ని ముందే పక్కకు తీసి, మిరియాలు, కరివేపాకు వేసి వేపుడు చేసిపెట్టండి. వాటికి కుక్కర్ దాకా అన్నీ మన పద్ధతే కాబట్టి ఆవిడ హాయిగా తింటారు.

క్రీమ్ ఎందుకు విరిగిందో చెబుతాను. మనకు ప్యాకెట్లలో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు దాదాపు 25 శాతమే. విదేశీ వంటల్లో పోసేది 35 శాతం పైనే ఉంటుంది, అది మరిగినా తట్టుకుంటుంది. మనది పెద్ద మంట మీద మరిగితే, టమాటానో నిమ్మరసమో తగిలితే విరుగుతుంది. మీరు టమాటాలు వేశానని రాశారు, అదే కారణం అనుకుంటున్నాను. ఈ వంటకి టమాటా మానేయండి. ఇంట్లో గేదె పాల మీగడ ఉంటే భేషుగ్గా వాడొచ్చు, క్రీమ్ కన్నా రుచి. అయితే ఆ రోజుదే అయ్యుండాలి. వెన్న తీయడానికి తోడు వేసి దాచిన మీగడ పులిసి ఉంటుంది, అది వేశారంటే సాస్ మొత్తం పోతుంది.

క్రీమ్‌ని ఒంటరిగా నమ్ముకోకుండా కింద వైట్ సాస్ పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. మైదా పాలలోని మాంసకృత్తుల్ని గడ్డకట్టకుండా కాపాడుతుంది. మందపాటి గిన్నెలో 50 గ్రాముల వెన్న కరిగించి, సన్నగా తరిగిన ఉల్లిపాయ ఒకటి, ఆరు వెల్లుల్లి రెబ్బలు రంగు మారకుండా మగ్గనివ్వండి. నాలుగు పెద్ద చెంచాల మైదా వేసి సన్న మంట మీద రెండు నిమిషాలు పచ్చివాసన పోయేదాకా వేపండి. ఇప్పుడు గోరువెచ్చగా కాచిన మాంసం రసం ఒకటిన్నర కప్పు కొంచెం కొంచెంగా పోస్తూ, ప్రతిసారీ ఉండలు లేకుండా కలిపాకే మళ్లీ పోయండి. ఆ తర్వాత అర లీటరు వెన్న తీయని పాలు. ఐదారు నిమిషాలు కలుపుతూ ఉంటే చిక్కబడుతుంది. గరిటె ముంచి పైకి తీసి, వెనక వైపు వేలితో ఒక గీత గీయండి. గీత అలాగే నిలబడితే సరిపోయింది, పైనుంచి జారి మూసుకుపోతే ఇంకాసేపు ఉంచండి. మాంసం ముక్కలు వేసి వేడెక్కనిచ్చి, పొయ్యి కట్టేశాక క్రీమ్ ఒక కప్పు కలపండి. ప్రాసెస్డ్ చీజ్ ముక్కలు రెండు తురిమి వేసినా బాగుంటుంది, అది విరగదు. ఉప్పు ఇక్కడ చూసుకుని వేయండి, రసంలోనూ చీజ్‌లోనూ ముందే ఉంది.

కూరగాయలు కొల్లి శారదా మార్కెట్‌లో ఏవి తాజాగా ఉంటే అవే. రెండు క్యారెట్లు, గుప్పెడు బీన్స్, ఒక క్యాప్సికం, కొంచెం పచ్చి బటాణీ, ఒక ప్యాకెట్ పుట్టగొడుగులు సరిపోతాయి. వీటిని సాస్‌లో ఉడికించకండి. క్యారెట్, బీన్స్ పాస్తా నీళ్లలోనే ముందుగా మూడు నిమిషాలు ఉడికించి తీసేయొచ్చు. పుట్టగొడుగులు విడిగా, ఉప్పు లేకుండా, నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేపాలి. క్యాప్సికం పెద్ద మంట మీద ఒక్క నిమిషం. నీరు వదిలే కూరగాయ ఏదైనా ఆ నీరు పోయాకే సాస్‌లోకి వెళ్లాలి, లేకపోతే మీరు చిక్కబరిచిందంతా పలచబడిపోతుంది.

పాస్తా అర కేజీ ప్యాకెట్ ఒకటి. పెన్నే లాంటి గొట్టం రకం తీసుకోండి, సాస్ లోపలికి వెళ్తుంది. ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉందో లేదో చూడండి, మైదాతో చేసినవి ముద్దయిపోతాయి. ఐదు లీటర్ల నీళ్లు మరిగాక 50 గ్రాముల దాకా ఉప్పు వేసి పాస్తా వదలండి. ప్యాకెట్ మీద రాసిన టైం కన్నా రెండు నిమిషాలు ముందే దించండి, మిగతాది సాస్‌లో ఉడుకుతుంది. వార్చే ముందు ఆ నీళ్లు రెండు కప్పులు పక్కన పెట్టుకోండి. అన్నం వార్చిన గంజి లాంటిదే అది, సాస్ బిగుసుకుపోతే ఈ నీళ్లతోనే వదులు చేయాలి. వార్చాక పంపు కింద కడగొద్దు, నూనె పోయొద్దు. రెండిట్లో ఏది చేసినా సాస్ అంటుకోకుండా జారిపోతుంది.

కారం గురించి చెప్పకపోతే గుంటూరు మనిషినే కాను. కారప్పొడి మాత్రం ఈ సాస్‌లో వేయకండి, పాలలో పచ్చి పచ్చిగా తగులుతుంది. సాస్ మొదట్లో వెన్న కరిగాక రెండు ఎండుమిరపకాయలు తుంచి వేసి, అర నిమిషం తర్వాత తీసేయండి. ఘాటు వెన్నలోకి దిగుతుంది, ముక్క పిల్లల నోట్లో పడదు. తేజ రకమైతే ఒక్కటే చాలు. పెద్దవాళ్లు పైన మిరియాల పొడి, చిల్లీ ఫ్లేక్స్ వేసుకుంటారు.

ఆదివారం సాయంత్రం పని ఇలా పెట్టుకోండి. పిల్లలు వచ్చే ముందే సాస్, కూరగాయలు రెడీగా ఉండాలి. పాస్తా మాత్రం అందరూ కూర్చుంటారనగా నీళ్లలో వేయండి. సాస్‌ని సన్న మంట మీద వెచ్చచేసి, మరగనివ్వకుండా, పాస్తా, కూరగాయలు కలిపి రెండు నిమిషాలు తిప్పి వడ్డించండి. గిన్నెలో చూసినప్పుడు కాస్త పలచగా ఉందనిపించాలి. పళ్లెంలోకి వెళ్లేసరికి చిక్కబడుతుంది. గిన్నెలోనే చిక్కగా ఉంటే రెండో ముద్దకే గట్టిపడిపోతుంది. పక్కన కీరా, ఉల్లిపాయ ముక్కలు చాలు.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మన ఎండాకాలంలో అయితే గంట కూడా బయట ఉంచొద్దు. మర్నాడు అర కప్పు పాలు పోసి సిమ్‌లో మూత పెట్టి వెచ్చచేయండి, పెద్ద మంట పెట్టారా, మళ్లీ విరుగుతుంది.