తూకం నేర్పే చదువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అమ్మగారూ, నేను ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పాసయ్యాను. నీట్‌లో సీటొచ్చేంత ర్యాంకు రాలేదు. న్యూట్రిషన్ చదవాలని ఉంది. మా నాన్నకి కొబ్బరికాయల వ్యాపారం. ‘వంటలు నేర్చుకోడానికి కాలేజీ ఎందుకు? మీ నాయనమ్మ దగ్గర కూర్చో, ఊరికే నేర్పుద్ది’ అంటున్నారు. అసలు ఆ చదువులో ఏం చెబుతారు?
– ఒక అమ్మాయి, అంబాజీపేట

జవాబు: అమ్మాయీ, మీ నాన్నగారన్న మాటే మా నాన్న కూడా అన్నారు. రాజోలు బస్టాండులో నా ట్రంకుపెట్టె బస్సు మీదికి అందిస్తూ అన్నారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. చదువు ఆఖరి సంవత్సరంలో దొరికింది. ఎలా దొరికిందో చెబుతాను.

ఆ ఏడాది మమ్మల్ని ఊళ్లలోకి ఆహార సర్వేకి పంపారు. నాకు అంతర్వేది వైపు సముద్రపొడ్డు పల్లె ఒకటి వచ్చింది. చేతిలో ఒక త్రాసు, గడులు గీసిన పుస్తకం. తెల్లారి పొయ్యి వెలిగించకముందే ఆ ఇంటికి చేరాలి. బియ్యం, పప్పు, నూనె, చింతపండు, చేప, ఏది వండబోతున్నా పచ్చిగా ఉండగానే తూచి రాసుకోవాలి. వండాక అన్నం ఎంతైంది, కూర ఎంతైంది, ఎవరి కంచంలోకి ఎంత వెళ్లింది, ఎంత వదిలేశారు, అన్నీ కొలవాలి. ఆ రోజు కానాగంత చేపల పులుసు. ఇంట్లో ఆరుగురు. కోడలికి ఏడో నెల. వేట నుంచి వచ్చిన తండ్రీ కొడుకూ ముందు తిన్నారు, తర్వాత పిల్లలు, అందరి వెనకా అత్తా కోడలూ. కోడలి కంచంలో పులుసు ఉంది, ముక్క లేదు. ‘నీకు చేప పడదా అమ్మా?’ అని అడిగాను. ‘ఎందుకు పడదండీ, మిగిల్తే తింటాను’ అంది.

చేప గడిలో ఆమె వరసలో సున్నా వేశాను. సాయంత్రం లెక్క కడితే ఆ ఇంటి సగటు బాగానే వచ్చింది, తలా ఒకరికి సరిపడా చేప తిన్నట్టే. ఆ సగటులో ఆమె సున్నా ఎక్కడా కనపడలేదు. మా మేడం కాగితం చూసి సగటు కొట్టేసి, ‘మనిషి మనిషికీ విడిగా రాసుకురా’ అన్నారు. వంట మీ నాయనమ్మ తప్పకుండా నేర్పుతుంది తల్లీ. వండింది ఎవరి ఒంట్లోకి ఎంత వెళ్లింది, వెళ్లనందువల్ల ఏమవుతుంది అన్నది మాత్రం ఈ చదువులోనే నేర్పుతారు.

అందుకే మొదటి రెండేళ్లూ వంటగదిలో కంటే ల్యాబులోనే ఎక్కువ ఉంటావు. బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, ఫుడ్ మైక్రోబయాలజీ, కొంచెం స్టాటిస్టిక్స్. ఆ తర్వాత గర్భిణికి, పసిబిడ్డకి, ముసలివాళ్లకి ఏం కావాలి, షుగర్‌లో, కిడ్నీ జబ్బులో, కాలేయం చెడినప్పుడు ఏం మార్చాలి అన్నవి వస్తాయి. బయోకెమిస్ట్రీ అంటే భయపడేవాళ్లు ఇక్కడా ఇబ్బంది పడతారు. నీట్‌కి చదివావు కాబట్టి నీ చదువేమీ వృథా పోదు.

మీ నాన్నగారికి ఇంకో సంగతి చెప్పు. ఈ దేశంలో పోషకాహార పరిశోధన మొదలైందే అన్నం తినేవాళ్ల జబ్బు కోసం. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి మీద, అంటే బి1 విటమిన్ చాలక నరాలూ గుండే దెబ్బతినే జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. ఆ బెరిబెరి మన సర్కారు జిల్లాల తీరంలో బాగా ఉండేది. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యాన్ని నాలుగు నీళ్లు కడిగి, గంజి వార్చి తినడం మనవాళ్ల అలవాటు. బి1 విటమిన్ కొంత తవుడుతో పోతుంది, కొంత కడుగునీళ్లతో, మిగిలింది గంజితో. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఈ బాధ అంతగా లేదు. వడ్లు ఉడికేటప్పుడు ఆ విటమిన్ పైపొర నుంచి గింజలోకి దిగుతుంది, మరలో పట్టినా పూర్తిగా పోదు. మా నాయనమ్మ గంజి పారబోసేది కాదు, పులియబెట్టే తరవాణి కుండలో పోసేది. ఆవిడ బి1 పేరు వినకుండానే వెళ్లిపోయింది. ఆవిడ చేసింది ఎందుకు మంచిదో నాకు మూడో సెమిస్టర్‌లో తెలిసింది. ఆ రోజు ఇంటికి ఉత్తరం రాశాను.

ఎక్కడ చదవాలంటే, గుంటూరులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల కమ్యూనిటీ సైన్స్ కాలేజీ ఉంది. మా రోజుల్లో హోం సైన్స్ అనేవాళ్లు. నాలుగేళ్ల డిగ్రీ. అందులో న్యూట్రిషన్‌తో పాటు శిశు వికాసం, వస్త్రాలు, విస్తరణ (నేర్చుకున్నది ఊళ్లోవాళ్లకి చేరవేసే పద్ధతులు) కూడా చదవాలి. అవి నాకెందుకు అనుకోకు, పల్లెలో పనిచేసేటప్పుడు నాకు ఎక్కువ అక్కరకొచ్చింది విస్తరణ పాఠాలే. మామూలు డిగ్రీ కాలేజీలో న్యూట్రిషన్ సబ్జెక్టుగా తీసుకుని, ఎమ్మెస్సీకి తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం లాంటి చోటికి వెళ్లే దారీ ఉంది. జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీకి ప్రవేశపరీక్ష ఉంటుంది. కష్టమే. ఇప్పటి నుంచే ఆ మాట చెవిన వేసుకో.

ప్రశ్న: మా అమ్మాయి న్యూట్రిషన్‌లో డిగ్రీ పూర్తి చేసింది. ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందండీ? పై చదువు చదివించాలా, సంబంధాలు చూడాలా తేల్చుకోలేకపోతున్నాం.
– ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: అయ్యా, సంబంధాలు చూడటం మీ ఇష్టం. చదువు మాత్రం ఇక్కడితో ఆపకండి. డిగ్రీతో ఆగితే ఈ రంగంలో గుమ్మం దాకా వచ్చి బయట నిలబడ్డట్టే. ఎమ్మెస్సీ చేసి, ఆస్పత్రిలో 6 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి చేసి, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే పరీక్ష నెగ్గితే రిజిస్టర్డ్ డైటీషియన్ (ఆర్.డి.) అవుతుంది. పెద్ద ఆస్పత్రులు ఆ రెండక్షరాల కోసం చూస్తాయి. 2021లో కేంద్రం తెచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలో డైటీషియన్లనీ న్యూట్రిషనిస్టులనీ చేర్చారు. చట్టంలో పేరున్న వృత్తిలో సరైన పట్టా ఉన్నవాళ్లకే విలువ పెరుగుతుంది.

ఆస్పత్రి ఒక్కటే కాదు. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్, మన అంగన్‌వాడీలు నడిపేది అదే, అందులో సూపర్‌వైజర్, సీడీపీవో (ప్రాజెక్టు అధికారి) పోస్టులు పడతాయి. ప్రకటన వచ్చినప్పుడు అర్హతల పట్టిక చూసుకోమనండి. బాగా చిక్కిపోయిన పిల్లల్ని చేర్చుకునే పోషకాహార పునరావాస కేంద్రాలున్నాయి. హోం సైన్స్‌లో నెట్ రాసి పాఠాలు చెప్పొచ్చు. ఆహార కంపెనీల్లో కొత్త సరుకు తయారీ, పాకెట్ మీద ముద్రించే పోషక విలువల లెక్క చూసే పని ఉంటుంది. మీ దగ్గర భీమవరం చుట్టూ ఉన్న రొయ్యల ప్లాంట్లలో మాత్రం మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ వాళ్లనే ముందు తీసుకుంటారు, అక్కడ ఆశ పెట్టుకోవద్దు.

జీతం సంగతి దాచను. మొదటి రెండు మూడేళ్లు తక్కువే, సాఫ్ట్‌వేర్ పిల్లలతో పోల్చుకుంటే మనసు కష్టపడుతుంది. నా మొదటి ఉద్యోగం ఒక ప్రైవేటు ఆస్పత్రిలో. డైటీషియన్ అని కాగితం ఇచ్చి, స్టోరు రూములో కూర్చోబెట్టి ఇడ్లీలు, పాల పాకెట్లు లెక్కపెట్టించారు. రోగి కేసు షీటు అడిగితే ‘నీకెందుకమ్మా’ అన్నారు. ఎనిమిది నెలలు భరించి మానేశాను. అందుకని మీ అమ్మాయితో చెప్పండి: ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు ఒకటి అడగాలి, ‘డాక్టరుగారితో పాటు వార్డు రౌండ్‌కి నన్ను వెళ్లనిస్తారా?’ అని. వెళ్లనిచ్చే చోట రెండేళ్లు తక్కువ జీతానికి చేసినా పని వస్తుంది, ఆ పనే తర్వాత జీతం తెస్తుంది.

ప్రశ్న: నేను పదేళ్ల కిందట బీఎస్సీ కెమిస్ట్రీ చేశాను, ఇద్దరు పిల్లలు. ఫోన్‌లో మూడు నెలల న్యూట్రిషన్ కోర్సు ఉందంటున్నారు. అది చేసి ఇంటి దగ్గరే డైట్ సెంటర్ పెట్టుకోవచ్చా?
– ఒక గృహిణి, మండపేట

జవాబు: వద్దమ్మా. నీ ఉత్సాహాన్ని తగ్గించాలని కాదు, నేను చూసింది చెబుతాను, విను.

కాకినాడలో డయాలసిస్ చేయించుకునే పెద్దాయన ఒకాయన ఉండేవారు, కోనసీమ మనిషి. రక్తంలో పొటాషియం 5 దాటకూడదు. ఆయనకి సోమవారం వచ్చేసరికి 6 దాటేసేది. ఆ స్థాయిలో గుండె ఏ క్షణానైనా లయ తప్పొచ్చు. అన్నం, కూర, పండు అన్నీ అడిగాను, తప్పు కనపడలేదు. మూడో వారం ప్రశ్న మార్చి, ‘ఆదివారం పొద్దున్నుంచి ఎక్కడెక్కడికి వెళ్లారు బాబాయిగారూ?’ అన్నాను. ‘తోటకెళ్లానమ్మా’ అన్నారు. తోటకెళ్తే ఏం చేస్తారు? కొబ్బరికాయల దింపువాడు బొండం కొట్టిచ్చాడు, తాగారు. ఇంకోటి కొట్టాడు, అదీ తాగారు. ‘అది తిండి కాదు కదమ్మా, నీళ్లే కదా’ అన్నారు. ఒక్క గ్లాసు కొబ్బరినీళ్లలో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అలాంటి రోగికి రోజు మొత్తం మీద 2000 చుట్టుపక్కలే ఇస్తాం. రెండు బొండాలతోనే ఆయన వాటాలో సగమో అంతకన్నా ఎక్కువో అయిపోతోంది.

ఎండలో పనిచేసి వచ్చిన కూలీకి నేనే కొబ్బరినీళ్లు తాగమంటాను. కూరగాయలు ఉడికించిన నీళ్లు పారబోయొద్దని మామూలు ఇంట్లో చెబుతాను. కిడ్నీ రోగి ఇంట్లోనైతే సన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయమని చెబుతాను, పొటాషియం అందులోకి దిగిపోతుంది కనక. మూడు నెలల కోర్సు ఇచ్చే డైట్ చార్టులో పొద్దున్నే కొబ్బరినీళ్లు అని అచ్చేసి ఉంటుంది. నీ దగ్గరికి వచ్చే మనిషి తన కిడ్నీ సంగతి నీకు చెప్పకపోవచ్చు, తనకే తెలియకపోవచ్చు.

నీకు కెమిస్ట్రీ ఉంది, అది మంచి పునాది. ఇల్లు వదలలేనివాళ్లకి ఇగ్నోలో దూరవిద్యలో డైటెటిక్స్, ఫుడ్ సర్వీస్ మేనేజ్‌మెంట్ ఎమ్మెస్సీ ఉండేది, 2025లో యూజీసీ ఈ చదువుల్ని దూరవిద్యలో ఆపమంది. ఇక కాలేజీలో చేరే దారే చూసుకో, నీ డిగ్రీకి అర్హత ఉందో లేదో ముందు ఆ కాలేజీవాళ్లనే అడుగు. పాఠాలకీ ప్రాక్టికల్స్‌కీ ఇంటర్న్‌షిప్‌కీ ఇల్లు కదలాల్సిందే. పిల్లలు బడికెళ్లే వయసే కాబట్టి మీ అత్తగారితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

ప్రశ్న: మేడం, నేను అబ్బాయిని. బైపీసీ. ఈ కోర్సు అంటే ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. మగపిల్లలు చేయొచ్చా?
– ఇంటర్ విద్యార్థి, భీమవరం

జవాబు: బాబూ, మీ ఊళ్లోనే 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఏం చేశారో నీ స్నేహితుల్ని అడుగు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకిచ్చే ఎర్రమాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ మాత్ర వేసుకునే ప్రతి తల్లికీ భీమవరంతో చుట్టరికం ఉంది.

చేయొచ్చు, నిశ్చింతగా చేయి. క్రీడాకారుల ఆహారం, ఆస్పత్రుల పెద్ద వంటశాలల నిర్వహణ, పరిశోధన, వీటిలో మగపిల్లలు బాగానే ఉన్నారు. కొన్ని కాలేజీలు ఆడపిల్లలకి మాత్రమే, ఆప్షన్లు పెట్టేముందు ఒక్కో కాలేజీకీ ఫోన్ చేసి కనుక్కో. ఈ సెలవుల్లో ఒక పని చేయి: వంటింట్లో త్రాసు పెట్టి, వారం రోజులు మీ అమ్మగారు ఏం తిన్నారో తూచి రాయి. రాసింది నాకు పంపు, నేను చూస్తాను.